మందు డబ్బా కన్నా ముందు టార్చి లైటు

రాత్రి హోటల్ కట్టేశాక వంటగదిలో లైట్లన్నీ ఆపేయండి. ఓ అరగంట ఆగి, చప్పుడు చేయకుండా లోపలికెళ్లి ఒక్కసారిగా టార్చి వేయండి. మీ కిచెన్ ఎంత శుభ్రంగా ఉందో అప్పుడు తెలుస్తుంది. ఈ పరీక్ష నాకు నేర్పింది ఓ పెస్ట్ కంట్రోల్ టెక్నీషియన్.

ఇంజినీరింగ్‌లో నా పక్క బెంచీ ఫ్రెండ్ ఉద్యోగం మానేసి, లోన్ తీసుకుని కూకట్‌పల్లిలో చిన్న బిర్యానీ పాయింట్ పెట్టాడు. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఓ శనివారం ఎవరో కస్టమర్ పార్సిల్‌లో బొద్దింకను ఫొటో తీసి రివ్యూలో పెట్టారు. అంతే, ఆర్డర్లు ఢమాల్! ‘వారం వారం స్ప్రే కొట్టిస్తూనే ఉన్నా కదరా’ అంటూ ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడు. గ్యాడ్జెట్ల గురించి రాసుకునే నేను వాడికిచ్చిన గొప్ప సలహా ఏంటంటే, ప్లగ్‌లో పెట్టే అల్ట్రాసోనిక్ మెషీన్ కొనమని. డబ్బులు దండగ. ఇలాంటి పరికరాల ప్రచారానికి సరైన ఆధారాలు ఉండాలంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే 60కి పైగా తయారీదారులు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపిందని తర్వాత చదివాను. ముందే చదవాల్సింది.

చివరికి తెలిసినవాళ్ల ద్వారా ఓ పెద్దాయన వచ్చారు. చేతిలో టార్చి, ఓ చిన్న అద్దం. మొదటి గంట మందు డబ్బా మూతే తీయలేదు. ‘బాబూ, నీళ్లెక్కడ కారుతున్నాయి?’ అన్నది ఆయన మొదటి ప్రశ్న. సింక్ కింద పైపు చుక్కచుక్కగా కారుతోంది. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ దగ్గర వెచ్చగా, జిడ్డుగా ఉంది. అద్దం పెట్టి టేబుల్ అడుగు చూపిస్తే నాకు ఒళ్లు జలదరించింది.

హోటళ్లలో ఎక్కువగా కనిపించేది జర్మన్ బొద్దింక. సెంటీమీటరున్నర మించదు. తల వెనక రెండు నల్లని చారలుంటాయి. ఆడది గుడ్ల తిత్తిని పొదిగేదాకా దాదాపు తన వెంటే మోస్తుంది. ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 దాకా గుడ్లు. స్ప్రే తగిలి తల్లి చచ్చినా, తిత్తి లోపలికి మందు సరిగా చేరదు. వంటగది వేడికి ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో పెద్దవైపోతాయి. మావాడు వారం వారం డబ్బు పోసింది కళ్లకు కనపడే వాటి మీదే అన్నమాట.

స్ప్రేతో ఇంకో తంటా. చాలా మందుల వాసనకు బొద్దింకలు చెదిరి పక్క గదికి, పై అల్మారాకు పాకుతాయి. పెద్దాయన వాడింది జెల్. సందుల్లో, తలుపు బందుల దగ్గర కందిగింజంత చుక్కలు. తిన్నది గూటికెళ్లి చస్తుంది. దాని రెట్టను, శవాన్ని తిన్న మిగతావీ చస్తాయి. అయితే ఆ జెల్ మీద ఎవరైనా స్ప్రే కొట్టారో, ఇక దాన్ని బొద్దింకలు ముట్టవు. కుర్రాళ్లు అత్యుత్సాహంతో చేసే పని సరిగ్గా అదే.

మిగతా పనంతా మేస్త్రీ, ప్లంబర్ పనే. చిట్టెలుకకు పెన్సిలు పట్టేంత సందు దొరికితే చాలు, దూరిపోతుంది. అందుకే వెనక తలుపు కింద రేకు, బ్రష్ పట్టీ బిగించారు. గ్యాస్ పైపు పోయే కన్నాన్ని ఇనుప పీచు, సిమెంటుతో మూశారు. డ్రెయిన్ మీద జాలీ పెట్టారు. కిరాణా అట్టపెట్టెలు, గుడ్ల ట్రేలు కిచెన్‌లోకి రాకూడదన్నారు, ఎందుకంటే బొద్దింకలు వాటి మడతల్లో కూర్చునే షికారుగా వస్తాయట. సరుకంతా బయటే ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చుకోవాలి. ఈగల కోసం పెట్టిన నీలి లైటు సరిగ్గా వంట బల్ల మీద ఉంటే తీయించారు. చచ్చిన ఈగ పడేది గిన్నెలోనే కదా! దాని ట్యూబు వెలుగుతున్నట్టే ఉన్నా, ఏడాదికి ఈగల్ని లాగే శక్తి తగ్గిపోతుందట, మార్చాల్సిందే.

నా చదువు పనికొచ్చింది ఆఖర్న. పెద్దాయన ఎనిమిది చోట్ల జిగురు అట్టలు పెట్టి, ‘వారానికోసారి లెక్క రాయండి’ అన్నారు. ఫోన్‌లో షీట్ చేసిచ్చాను: ఏ అట్ట, ఏ తేదీ, ఎన్ని పడ్డాయి. మూడు వారాలకే బొమ్మ స్పష్టమైంది. అన్ని చోట్లా తగ్గుతున్నాయి, పిండి గ్రైండర్ దగ్గర మాత్రం పెరుగుతున్నాయి. విప్పి చూస్తే అడుగున ఎండిపోయిన పిండి పొర. దాన్ని కడిగేదాకా ఏ మందూ పనిచేయలేదు.

ఈ రాతకోతలు ఆడిటర్ల సరదా కోసం కాదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2011 నిబంధనల్లోని షెడ్యూల్ 4 కన్నాలు, డ్రెయిన్లు మూసి ఉంచాలంటుంది, వాడిన మందులకు తేదీలతో రికార్డు ఉండాలంటుంది. లైసెన్సున్న హోటల్లో ప్రతి 25 మంది సిబ్బందికి ఒక శిక్షణ పొందిన ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ కావాలి. ఫోస్టాక్ పేరుతో ఆ శిక్షణ ఇస్తున్నారు. హోటల్ మేనేజ్‌మెంట్ వాళ్లకే పరిమితం కాదు, మీరూ చేరొచ్చు.

సొంతంగా పెస్ట్ కంట్రోల్ సంస్థ పెడదామనుకుంటే మాత్రం బీటెక్ వాళ్లం కాస్త తగ్గాలి. లైసెన్సు కోసం అగ్రికల్చర్ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఉన్న సైన్స్ డిగ్రీ గానీ ఉన్న వ్యక్తి బాధ్యుడిగా ఉండాలి. గుర్తింపున్న సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణా ఉండాలి. అలాంటి సంస్థ ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది, ఎన్ఐపీహెచ్ఎం. బీఎస్సీ చేసి ‘ఇప్పుడేం చేయాలి’ అని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేనిప్పుడు ఈ పేరు కూడా చెబుతున్నాను.

మావాడి రివ్యూ ఇంకా అలాగే ఉంది, తీసేయించలేదు. దాని కింద పైపు బాగుచేయించిన ఫొటో, వెనక తలుపు ఫొటో పెట్టాడు. ఆర్డర్లు మెల్లగా వస్తున్నాయి. పెద్దాయన నెలకోసారి వస్తారు. రాగానే టీ కూడా తాగకుండా, ‘బాబూ, ముందు ఆ లెక్కల కాయితం తియ్యి’ అంటారు.