చిన్న నగరాలలో ఉమ్మడి సైకిళ్ళు

మొదటి గంట మోగిన తరువాత చెమటలు తుడుచుకుంటూ తరగతి గుమ్మంలో నిలబడే విద్యార్థులు ప్రతి కళాశాలలోనూ ఉంటారు. వారిలో పలువురు సోమరులు కారు. బస్సు దిగిన చోటినుండి రెండు మూడు కిలోమీటర్లు నడిచి వచ్చినవారు. రోజూ ఆటోకు డబ్బు పెట్టగల స్తోమత వారికి ఉండదు. సొంత సైకిలు ఊరిలో ఉన్నా బస్సులో వెంట తెచ్చుకోలేరు. ఈ కొద్ది దూరానికే ఉమ్మడి సైకిలు ఉద్దేశింపబడింది. ఒక స్టాండులో తీసుకొని, వెళ్ళిన చోటి స్టాండులో అప్పగిస్తే, దానినే మరొకరు వాడుకుంటారు. చిన్న నగరాలలో ఈ ఏర్పాటు ఎంతవరకు రాణించగలదో పరిశీలిద్దాం.

ఈ భావన 1965లో ఆమ్‌స్టర్‌డాం నగరంలో పుట్టింది. ప్రోవో అనే యువజన బృందం కొన్ని సైకిళ్ళకు తెల్లరంగు పూసి, తాళం వేయకుండా వీధులలో ఉంచింది. తాళం లేని సైకిలును వీధిలో విడువడం చట్టవిరుద్ధమని పోలీసులు వాటిని స్వాధీనం చేసుకున్నారు. ఆశయం ఉదాత్తమే; కాని దానికి నగర పాలకుల అండ లేదు, సైకిలు ఎవరి చేతిలో ఉన్నదో తెలిపే లెక్క లేదు.

పాలకుల అండ ఒక చిన్న నగరంలో లభించింది. ఫ్రాన్సు పశ్చిమ తీరంలోని లా రొషెల్ జనాభా నేటికీ సుమారు 80 వేలే. మేయరు మిషెల్ క్రెపో కాలంలో, 1974లో, ఆ నగరం పసుపుపచ్చ సైకిళ్ళను పౌరులకు ఉచితంగా సమకూర్చింది. అక్కడి నేల చదునైనది. రేవు, అంగళ్ళు, పాత పట్టణం దగ్గర దగ్గరగా ఉన్నాయి. కాలక్రమేణా పద్ధతులు మారినా ఉమ్మడి సైకిలు అక్కడ నిలిచింది.

ఇక లెక్క సంగతి. 1995లో కోపెన్‌హాగెన్ నగరం నాణెం వేస్తే తాళం తెరుచుకొనే సైకిళ్ళను ప్రవేశపెట్టింది. నాణెం వేసినవారి పేరు తెలియదు కనుక దొంగతనాలు ఆగలేదు. 1996లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం తన విద్యార్థులకు అయస్కాంతపు కార్డులిచ్చి ఈ లోపాన్ని సవరించింది. 1998లో ఫ్రాన్సులోని రెన్ నగరం 200 సైకిళ్ళను, 25 స్టాండులను కంప్యూటరు లెక్కలోకి తెచ్చింది. మన పొరుగున మైసూరులో 2017లో 450 సైకిళ్ళతో, 48 స్టాండులతో ‘ట్రిన్ ట్రిన్’ పథకం ఆరంభమైంది.

చిన్న నగరానికి గల సౌలభ్యం దూరాలు తక్కువగా ఉండడం. ఇబ్బందులు మూడు. మొదటిది, స్టాండులు పలుచబడడం. సుమారు 300 మీటర్లకు ఒకటి ఉంటేనే జనం వాడుతారు. ఊరంతటా నాలుగైదు పెట్టి ఊరుకుంటే స్టాండు వరకు నడిచేవాడు గమ్యానికే నడిచిపోతాడు. రెండవది, సైకిళ్ళు ఒకేవైపు చేరడం. ఉదయం అన్నీ కళాశాలల వద్ద, కచేరీల వద్ద పోగుపడితే బస్టాండులో ఒక్కటీ మిగలదు. వాటిని బండిలో వెనుకకు చేర్చే మనుషులుండాలి. మూడవది, ఆదాయం. అద్దె రూపేణా వచ్చేది మరమ్మతులకూ జీతాలకూ సాధారణంగా చాలదు. రెన్ నగరంలో ఆ భారాన్ని వీధి ప్రకటనల హక్కు పొందిన ఒక సంస్థ వహించింది. స్టాండులే లేకుండా, చేతిఫోనుతో తెరిచే సైకిళ్ళను చైనా కంపెనీలు 2016 ప్రాంతంలో లక్షలుగా వీధుల్లోకి దింపాయి. రెండు మూడేళ్ళకే వాటిలో ఎన్నో పాడుబడి గుట్టలుగా మిగిలాయి. సైకిళ్ళు కొనడం సులభం, పోషించడం కష్టమని ఆ గుట్టలే చాటాయి.

కాబట్టి చిన్న నగరం ఊరంతటినీ ఒక్కసారి చుట్టబెట్టరాదు. బస్టాండు, ఆసుపత్రి, కళాశాల ఉన్న ఒక్క దారిని ఎన్నుకొని, అక్కడ స్టాండులను దట్టంగా నెలకొల్పి, ఒక మెకానికును నియమించి, ఖర్చులో కొంత పురపాలక సంఘం భరించాలి. రోడ్డు పక్కన సైకిలుకు భద్రమైన చోటు చూపాలి. లేనిచో తల్లిదండ్రులు ఆడపిల్లలను పంపరు. పోర్ట్స్‌మత్ చూపినట్లు ఇది ఒక విద్యాసంస్థ నుండి కూడా మొదలు కావచ్చు. కళాశాల సంఘం ఆలోచించవలసిన విషయమిది. విద్యార్థులు నేర్వవలసినది మరొకటి ఉంది: ఉమ్మడి సొమ్మును సొంత సొమ్ము కంటె జాగ్రత్తగా చూసుకోవాలి. గాలి తగ్గిన చక్రాన్ని చూసీ చూడనట్లు స్టాండులో నిలిపి వెళ్ళేవాడు, తన వెనుక వచ్చే తోటివాని మొదటి గంటను హరిస్తున్నాడు.