చేతక్, చీతా: మంచుకొండలలో మన తేలికపాటి హెలికాప్టర్లు

సియాచిన్ హిమానీనదం మీద, ఆరువేల మీటర్ల ఎత్తున ఒక కాపలా స్థావరం ఉన్నదనుకొందాం. అక్కడి జవానుకు రాత్రి పొడిదగ్గు మొదలై, తెల్లవారేసరికి ఊపిరి అందకుండా పోతుంది. పలుచని గాలిలో ఊపిరితిత్తులలోకి నీరు చేరే ఈ వ్యాధికి మొదటి చికిత్స, రోగికి ప్రాణవాయువు అందించి వీలైనంత త్వరగా పల్లానికి దించడమే. మంచులో మోసుకొని దిగడానికి రోజులు పడుతుంది. రోగికి మిగిలినవి గంటలు మాత్రమే. అటువంటి స్థావరానికి పెద్ద హెలికాప్టరు రాలేదు. వచ్చేది పైలటుతో కలిపి ఐదుగురు మాత్రమే పట్టే, ఒకే ఇంజను గల చీతా.

ఇది వింతగా తోచవచ్చును. ఇరవై ముప్పైమందిని మోయగల హెలికాప్టర్లు మన వాయుసేనకు ఉన్నవి. వాటికి సాధ్యం కానిది ఈ చిన్న యంత్రానికి ఎట్లా సాధ్యమవుతున్నది? కారణం గాలిలో ఉన్నది. హెలికాప్టరు తలమీద తిరిగే రెక్కలు గాలిని కిందికి నెట్టగా, ఆ ప్రతిక్రియ వలన యంత్రం పైకి లేస్తుంది. 5,500 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం వద్ద ఉండే దానిలో ఇంచుమించు సగమే. అక్కడ రెక్కలు ఎంత వేగంగా తిరిగినా నెట్టడానికి తగినంత గాలి దొరకదు. ఇంజనులో ఇంధనం మండడానికి కావలసిన ప్రాణవాయువు కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. భారీ హెలికాప్టరు తన సొంత బరువును నిలబెట్టుకొనడానికే ఉన్న బలమంతా వెచ్చించవలసి వస్తుంది. పైగా అక్కడ దిగవలసిన చోటు, మంచును తొక్కి చదును చేసిన చిన్న గద్దె మాత్రమే.

మన దేశంలో ఈ తరగతి హెలికాప్టర్ల కథ చేతక్‌తో ఆరంభమైనది. ఫ్రాన్సులో 1959లో మొదటిసారి ఎగిరిన అలూయెట్-3ను మన దేశంలో తయారుచేయడానికి 1962లో ఒప్పందం కుదిరినది. బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారంలో కూర్చిన మొదటి యంత్రాలు 1965లో బయటకు వచ్చినవి. రాణాప్రతాపుని గుర్రం పేరు దానికి పెట్టారు. అందులో పైలటు కాక ఆరుగురు కూర్చొనవచ్చును. ఆసనాలు మడిచివేస్తే రెండు స్ట్రెచర్లు పడతవి.

చేతక్ మైదానాలకు, సముద్రానికి చక్కగా సరిపోయినది. హిమాలయాల ఎత్తులకు మాత్రం అంతకంటె తేలికైనది కావలసి వచ్చినది. మన సైన్యం కోరిన ఈ లక్షణాల కొరకే ఫ్రెంచి ఇంజనీర్లు ఒక ఉపాయం పన్నారు. అంతకుముందున్న అలూయెట్-2 యొక్క బోలు చట్రాన్ని తీసుకొని, దానికి పెద్దదైన అలూయెట్-3 యొక్క ఇంజనును, రెక్కలను అమర్చారు. చీతాకు వెనుక భాగంలో లోహపు రేకు లేకుండా ఉత్త ఊచలే కనిపించడానికి కారణమిదే. దాదాపు 870 అశ్వశక్తి ఇవ్వగల దాని ఇంజనును 550 అశ్వశక్తికే పరిమితం చేశారు. చేతనైన బలాన్ని కావాలని అణచిపెట్టడం ఎందుకని విద్యార్థులు అడగవచ్చును. నేలమీద వాడని ఆ మిగులే ఎత్తుకు పోయేకొద్దీ అక్కరకు వస్తుంది. గాలి పలచబడి సాధారణమైన ఇంజను నీరసించే చోట ఇది ఇంకా తన 550 అశ్వశక్తిని నిలుపుకొనగలుగుతుంది.

1969 మార్చిలో మొదటిసారి ఎగిరిన ఈ యంత్రం, అదే సంవత్సరం హిమాలయాలలో జరిగిన ప్రదర్శనలలో 7,500 మీటర్ల ఎత్తున దిగి, మళ్లీ లేచినది. 1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచి పైలటు దానిని 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకొనిపోయి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంత ఎత్తున ఇంజను ఆరిపోయినది. సాలవృక్షపు గింజ తన రెక్కలతో గిరగిర తిరుగుతూ నేలకు దిగినట్లు, కిందినుండి వచ్చే గాలికే రెక్కలను తిరగనిస్తూ ఆయన క్షేమంగా దిగాడు. ఒకే ఇంజను గల హెలికాప్టరుకు ఆపదలో ఉన్న ఆసరా ఈ విద్య. కాని దిగడానికి నేలంటూ ఉండాలి కదా! నిలువునా పగుళ్లు వారిన హిమానీనదం మీద అది కూడా కరువే.

బెంగుళూరులో కూర్చిన మొదటి చీతా 1972లో ఎగిరినది. సియాచిన్ మీద 1978 అక్టోబరులో మొదట దిగినది చేతక్. 1984 ఏప్రిల్ 13న మేఘదూత్ చర్య ఆరంభమైనపుడు, చీతాలు పదేపదే తిరిగి కొద్దికొద్దిమంది చొప్పున ఒక చిన్న దళాన్ని బిలాఫోండ్ లా కనుమ మీద దించినవి. అప్పటినుండి పైస్థావరాలకు ఉత్తరాలు, మందులు, కిరోసిన్, ఆహారం చేరవేసే పని వీటిదే. అన్నిటికంటె ఎత్తయిన చోట్లకు ఒక్కొక్క యాత్రలో మోయగలిగేది కొన్ని పదుల కిలోలకు మించదు. గాలి చల్లగా, కొంత చిక్కగా ఉండే వేకువవేళలోనే వీలైనన్ని యాత్రలు ముగించాలి. దిగిన తరువాత ఇంజనును ఆపరు; ఆపితే ఆ ఎత్తున తిరిగి అంటుకొంటుందన్న హామీ లేదు. ఇంధనం కూడా లెక్కించి పోస్తారు, ఎందుకంటే అధికంగా పోసిన ప్రతి లీటరూ పైనున్నవారి సరకులలో కోత అవుతుంది.

ఈ లెక్క ఎంత కఠినమైనదో పొరుగున నేపాల్‌లో జరిగిన ఒక సంఘటన తెలియజేస్తుంది. 1996 మే నెలలో ఎవరెస్టు మీద తుపానులో చిక్కి, మంచుకు చేతులు కొరికివేయబడిన ఇద్దరు పర్వతారోహకులు దాదాపు ఆరువేల మీటర్ల ఎత్తున నిలిచిపోయారు. నేపాల్ సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ కర్నల్ మదన్ ఖత్రి ఛేత్రి ఎక్యురాయ్ అనే తేలికపాటి హెలికాప్టరులో ఒంటరిగా అక్కడికి వెళ్లాడు. ఇద్దరినీ ఒకేసారి తీసుకొనిపోవడానికి బలం చాలదు. ఒకరిని దించి, రెండవవాని కొరకు ఆయన మరల అంత ఎత్తుకూ వెళ్లాడు. ఒకసారి దక్కిన అదృష్టాన్ని రెండవమారు పరీక్షించడం సామాన్యమైన విషయం కాదు.

ఈ యంత్రాలు చేసే తక్కిన పనులూ తక్కువవి కావు. ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నవో ఆకాశంనుండి చూచి చెప్పడం వీటి పాత విధి. ఆ పని చేసిన శతఘ్ని దళపు పైలట్లే 1986 నవంబరు 1న ఏర్పడిన సైనిక వైమానిక దళానికి మూలం. బంగ్లాదేశ్ విముక్తి పోరాటంలో, దిమాపూర్‌లో ఏర్పడిన చిన్న బంగ్లా వైమానిక దళానికి మన దేశం ఇచ్చినవాటిలో ఒక అలూయెట్ ఉన్నది. రాకెట్లు బిగించిన ఆ హెలికాప్టరు 1971 డిసెంబరు తొలిదినాలలో నారాయణగంజ్ వద్ద చమురు నిల్వలపై దాడిచేసినది. నౌకాదళంలో, విమానవాహక నౌకనుండి విమానాలు లేచేటపుడు చేతక్ పక్కనే ఎగురుతూ, సముద్రంలో పడినవారిని తాడుతో పైకి లాగడానికి సిద్ధంగా ఉంటుంది. విశాఖపట్నంలోని ఐ.ఎన్.ఎస్. డేగా చేతక్‌లకు ఒక స్థావరం. హైదరాబాదు చెంత హకీంపేటలో హెలికాప్టరు పైలట్లు దశాబ్దాలుగా మొదటి పాఠాలు నేర్చినది కూడా చేతక్ మీదనే.

అయినప్పటికీ ఇవి అరవై ఏండ్లనాటి నమూనాలు. ప్రమాదాలలో పైలట్లను కోల్పోయిన కుటుంబాలు దేశమంతటా ఉన్నవి. మార్చవలసిన కాలం ఎప్పుడో వచ్చినది. ప్రయత్నాలే నత్తనడక నడిచినవి. 2015లో రష్యాతో కుదిరిన ఏర్పాటు కార్యరూపం దాల్చలేదు. మన ఇంజనీర్లు రూపొందించిన మూడు టన్నుల తరగతి తేలికపాటి హెలికాప్టరు 2016 సెప్టెంబరు 6న బెంగుళూరులో మొదటిసారి ఎగిరి, 2020లో లడఖ్ ఎత్తులలో పరీక్షలకు నిలిచినది. దానిని తయారుచేయడానికి ఉద్దేశించిన తుమకూరు కర్మాగారం 2023 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. దీనికి కూడా ఇంజను ఒక్కటే. రెండవ ఇంజను బరువును ఆ ఎత్తుకు మోసుకొనిపోతే, సరకులకు, రోగికి మిగిలే బలం ఎంత అన్న పాత ప్రశ్న రూపకర్తల ముందు ఈసారీ నిలిచినది.