గాలి ఆడితేనే ఆట

వేసవి సెలవుల్లో ఓ మధ్యాహ్నం. టీవీ కింద షోకేసులో గేమింగ్ కన్సోల్, దుమ్ము పడకుండా దానికి అద్దం తలుపు. మావాడు గంటన్నరగా ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడుతున్నాడు. ముందు ఫ్యాన్ మోత పెరిగింది. తర్వాత తెరమీద ఆటగాళ్లు ఆగి ఆగి కదిలారు. చివరికి, బాగా వేడెక్కింది, ఆపి చల్లారనివ్వండి అని హెచ్చరిక వచ్చింది.

"పాడైపోయిందా నాన్నా?" వాడి గొంతులో బెంగ.

పాడవకూడదనే అది అలా మొరపెట్టుకుంది. అద్దం తలుపు తీసి కన్సోల్ వెనక చెయ్యి పెడితే, అన్నం గిన్నె మూత తీసినప్పుడు తగిలే సెగలా కొట్టింది.

ఆ సెగ ఎక్కడిది? ప్లేస్టేషన్ 5 లాంటి కన్సోల్ పెద్ద గేమ్ నడిపేటప్పుడు సుమారు 200 వాట్ల కరెంటు తీసుకుంటుంది. పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు వెలిగించినంత. లెక్కలన్నీ చేసేశాక ఆ కరెంటంతా చివరికి వేడిగానే మిగులుతుంది. లోపలి ఫ్యాన్ గదిలో గాలిని లాగి, చిప్ వేడిని అందుకునే లోహపు రేకుల మీదుగా పంపి, బయటికి తోసేస్తుంది. అంతే దాని పని. చల్లదనం పుట్టించడానికి అదేమీ ఏసీ కాదు. గది గాలి ఎంత వేడిగా ఉంటే దాని కష్టం అంత పెరుగుతుంది.

అందుకే సోనీ ఈ కన్సోల్‌ను 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పైఅంతస్తు గదిలో ఆ 35 ఎప్పుడో దాటిపోతుంది. అలాంటప్పుడు కన్సోల్‌ను తలుపు మూసిన అరలో పెడితే, తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఇక చిప్ వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. అప్పటికీ తగ్గకపోతే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది.

వేడిని తేలిగ్గా తీసుకుంటే ఎంత నష్టమో మైక్రోసాఫ్ట్‌కు తెలుసు. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో చాలా కన్సోళ్లు పవర్ బటన్ చుట్టూ మూడు ఎర్రలైట్లు మిణుకుమిణుకుమంటూ మొరాయించేవి. 2007 జులైలో కంపెనీ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆన్ చేసినప్పుడల్లా వేడెక్కడం, ఆపినప్పుడల్లా చల్లారడం, ఈ సాగుడు ముడుచుకోవడాలకు లోపలి సన్నటి అతుకులు తెగిపోయేవని ఆ సంస్థ ఇంజినీర్లే తర్వాత చెప్పారు. అప్పట్లో కొందరు కన్సోల్‌కు తువ్వాలు చుట్టి, కావాలనే ఇంకా వేడెక్కించేవాళ్లు. కాసేపు ప్రాణం వచ్చినట్టే ఉండేది కానీ, ఆ చిట్కా ఉన్న ముప్పును మరింత పెంచేది.

మన చేతిలో ఉన్నవి చిన్న పనులే. కన్సోల్‌ను తలుపుల్లేని చోట, గట్టి బల్లమీద పెట్టాలి. గోడకు కనీసం నాలుగైదు అంగుళాల దూరం ఉండాలి, జానెడుంటే ఇంకా మేలు. పరుపు, కార్పెట్ పనికిరావు. మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టొద్దు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వేడిని నెత్తిమీంచే వదులుతుంది. ఫ్రిజ్ మీద వేసినట్టు దానిమీద అల్లికగుడ్డ కప్పితే ముక్కు మూసినట్టే.

ఇక దుమ్ము. సీలింగ్ ఫ్యాన్ కింద బతికే మన ఇళ్లలో దానికి కరువు లేదు. ప్లగ్ తీసేసి, గాలి వెళ్లే చీలికలను నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలు. ప్లేస్టేషన్ 5 పక్క పలకలు తీస్తే దుమ్ము చేరడానికే పెట్టిన రెండు రంధ్రాలు కనిపిస్తాయి. వాటిని వాక్యూమ్ క్లీనర్‌తో నెమ్మదిగా పీల్చుకోవచ్చు. నోటితో ఊదితే మాత్రం తుంపర్లు లోపలికి పోతాయి.

హెచ్చరిక వచ్చేసిందా? ఆట సేవ్ చేసి, ఆపేసి, ఓ అరగంట వదిలేయండి. తొందరపడి ఐస్ పెట్టడం, ఫ్రిజ్‌లో ఉంచడం వద్దు, లోపల చెమ్మ చేరుతుంది. ఎయిర్ కూలర్ తేమగాలిని సూటిగా తిప్పడం కూడా అంతే. మామూలు ఫ్యాన్ గాలి చాలు.

చోటు మార్చి, దుమ్ము దులిపినా మళ్లీ మళ్లీ ఆగిపోతుంటే ఫ్యానో, చిప్ మీద పూసే థర్మల్ పేస్టో దెబ్బతిని ఉండొచ్చు. అది మెకానిక్ పని. ప్లేస్టేషన్ 5లో పేస్టుకు బదులు ద్రవలోహం వాడారు. అందులోంచి కరెంటు పారుతుంది కాబట్టి, ఒక్క చుక్క పక్కకు జారినా బోర్డుకు ముప్పే. ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో అంతదాకా వెళ్లొద్దు.

మా కన్సోల్ ఇప్పుడు కిటికీ పక్కన, ఎండ తగలని చోట, స్టూలు మీద ఉంది. ఫ్యాన్ మోత టీవీ శబ్దంలో వినిపించనే వినిపించదు. షోకేసులో ఖాళీ అయిన అర మావిడ కొండపల్లి బొమ్మలతో నింపి, అద్దం తలుపు వేసింది. వాటికి గాలి ఆడకపోయినా ఫర్వాలేదు.