వాహనాల ప్లాస్టిక్ భాగాల పునరుద్ధరణ

వాహనాలకు రంగు వేయకుండా అమర్చే నల్లని ప్లాస్టిక్ భాగాలు ఎండకు వెలిసి బూడిద రంగుకు మారినప్పుడు, వాటికి తిరిగి నలుపు తెప్పించే ప్రక్రియను ప్లాస్టిక్ భాగాల పునరుద్ధరణ అంటారు. బంపర్లు, మడ్‌గార్డులు, అద్దాల తొడుగులు, తలుపుల పట్టీలు, చక్రాల పైనుండే వంపు పట్టీలు ఈ కోవలోకి వస్తాయి. మెకానిక్కులు వీటిని "ఫైబర్" అనడం వాడుక. నిజానికి ఇవి గాజుపీచు కలిసిన ఫైబర్ కావు. కార్లలో ఎక్కువగా రబ్బరు కలిపిన పాలీప్రొపిలీన్‌ను వాడతారు.

కదిరి ప్రాంతపు ఎండ

శ్రీ సత్యసాయి జిల్లాలోని కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండేవి. వర్షచ్ఛాయా ప్రాంతమైన ఆ పూర్వపు జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇక్కడి ఎండను ఉపయోగించుకోవడానికే కదిరికి సమీపాన నంబులపూలకుంట మండలంలో 1,500 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కును తలపెట్టారు. అందులో ఎన్.టి.పి.సి. నిర్మించిన తొలి 250 మెగావాట్ల కేంద్రం 2016లో పనిచేయడం మొదలుపెట్టింది. సౌర పలకలు ప్రధానంగా వినియోగించుకునేది కంటికి కనిపించే కాంతిని. ప్లాస్టిక్‌ను చెరిచేది అదే ఎండలో కొద్ది పాలుగా ఉండే అతినీలలోహిత కిరణాలు.

42వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న కదిరిలో పగలంతా ఎండలో నిలిచే ఆటోలకు, ద్విచక్ర వాహనాలకు ఈ సమస్య సహజం. 2019లో పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కర్మాగారం కార్ల ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడ తయారయ్యే ఎత్తైన తరహా కార్లకు కూడా చక్రాల చుట్టూ ఇటువంటి నల్లని పట్టీలే ఉంటాయి.

వెలిసిపోవడానికి కారణం

ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో క్రమబద్ధమైన నిర్మాణం గల పాలీప్రొపిలీన్‌ను తయారుచేశాడు. పాలిమర్ల పరిశోధనకు ఆయన, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్ 1963లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఈ ప్లాస్టిక్ తేలికైనది, చవకైనది, ఆమ్లాలకు లొంగనిది. అయితే దీని గొలుసులో ఒకటి విడిచి ఒకటిగా వచ్చే కార్బన్ పరమాణువుల వద్ద హైడ్రోజన్ బంధం బలహీనంగా ఉంటుంది. సుమారు 290 నుండి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలు సోకినప్పుడు స్వేచ్ఛా ప్రాతిపదికలు పుట్టి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, పొడవైన గొలుసులను ముక్కలు చేస్తాయి. వేడి ఈ చర్యను వేగవంతం చేస్తుంది. దీనిని అరికట్టడానికే తయారీదారులు కార్బన్ బ్లాక్ అనే మసిని, ఎమీన్ జాతికి చెందిన స్థిరీకారకాలను ముందుగానే కలుపుతారు. స్థిరీకారకాలు ఏళ్ల తరబడి పనిచేసి క్రమంగా ఖర్చైపోతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. నలుపు ఎగిరిపోయిందని అనుకుంటారు. మసి ఎండకు వెలిసే రంగు కాదు, అది లోపల అలాగే ఉంటుంది. గొలుసులు తెగిన పైపొరలో కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడి, వాటిపై పడిన కాంతి అన్ని వైపులకూ చెదిరిపోతుంది. అందువలన నల్లని వస్తువు తెల్లబారినట్లు కనిపిస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే ఇది తేలికగా తెలుస్తుంది: నీరు పగుళ్లను నింపినంతసేపు భాగం నల్లగా ఉండి, ఆరగానే మళ్లీ బూడిద రంగుకు వస్తుంది. తడిపినా నల్లబడకపోతే, లేదా వేలికి తెల్లని పొడి అంటితే పైపొర బాగా చెడినట్లు. గోరుతో నొక్కితే పెళుసుగా విరిగే భాగానికి ఏ పూతా పనికిరాదు. దానిని మార్చవలసిందే.

పద్ధతులు

ఏ పద్ధతికైనా ముందు సబ్బునీటితో, మెత్తని బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. కొన్నిసార్లు గరుకు ఉపరితలంలో ఇరుక్కున్న కారు మైనమే తెల్లని మరకగా కనిపించి, ఈ కడగడంతోనే పోతుంది. అమెరికాలో ఇటువంటి మైనపు మరకలకు వేరుశనగ వెన్న రుద్దే చిట్కా ఒకటి ఉంది. కదిరి-3, కదిరి-6, కదిరి లేపాక్షి వంటి వేరుశనగ రకాలకు పుట్టినిల్లయిన ఊరికి ఇది వినోదంగా తోచవచ్చు. అందులోని నూనె మైనాన్ని కరిగిస్తుందన్నది నిజమే గాని, చెడిన పైపొరను బాగుచేయలేదు.

కొబ్బరినూనె, డీజిల్ వంటివి పూయడం అందరికీ తెలిసిన ఉపాయం. నూనె కూడా నీటిలాగే పగుళ్లను నింపుతుంది, ఆలస్యంగా ఆరుతుంది, అంతే తేడా. పైగా దుమ్మును పట్టి జిడ్డుగా మారుతుంది. డీజిల్, కిరోసిన్ పక్కనున్న రబ్బరును ఉబ్బిస్తాయి. అవిసె నూనె గాలికి గట్టిపడి పొరగా నిలుస్తుంది గాని, దానిని తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని పరచి ఆరబెట్టాలి. అంగళ్లలో దొరికే సిలికాన్ ద్రవాలు వీటికంటే శుభ్రమైనవే అయినా కొన్ని వారాలకు మించి నిలవవు. వీటిలో దేనినీ టైరు నేలను తాకే భాగానికి, ఫుట్‌రెస్టుకు, బ్రేకులకు తగలనీయరాదు.

హీట్ గన్‌తో వేడిగాలి పట్టించడం వలన పైపొర కరిగి పగుళ్లు మూసుకుంటాయి, నలుపు వెంటనే తిరిగి వస్తుంది. చూపరులను ఇంతగా ఆకట్టుకునే పద్ధతి మరొకటి లేదు. కాని పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. చేయి కాస్త ఆగితే భాగం వంకరపోతుంది, గరుకు అచ్చు చెరిగిపోతుంది. ఖర్చైన స్థిరీకారకం వేడితో తిరిగి రాదు కనుక తెల్లబారడం మళ్లీ మొదలవుతుంది. పెట్రోలు ట్యాంకు, వైర్ల దగ్గర మంటను వాడడం ఎంతమాత్రం తగదు.

రంగు కలిసిన పూతలు, సిరామిక్ పూతలు ఎక్కువ కాలం నిలుస్తాయి. పెయింటు వేయదలిస్తే ముందుగా ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి. పాలీప్రొపిలీన్‌కు రంగు సులభంగా అంటదు, ప్రైమర్ లేకపోతే పొరలుగా ఊడిపోతుంది.

వీటన్నిటికంటే చవకైనది నీడ. సౌర పార్కు ఉన్న నంబులపూలకుంట మండలంలోనే, సుమారు 5 ఎకరాల మేర విస్తరించి 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమాను కూడా ఉండడం విశేషం.

హెడ్‌లైట్ల విషయం

హెడ్‌లైటు అద్దాలు పాలీకార్బనేట్‌తో చేసినవి. ఇవి ఎండకు పసుపుబారి మసకబారుతాయి, రాత్రివేళ దారి సరిగా కనిపించదు. వీటికి నూనె, సిలికాన్ పూయడం ప్రయోజనం లేని పని. సన్నని నీటి ఎమిరీ కాగితంతో చెడిన పొరను తీసి, పాలిష్ చేసి, అతినీలలోహిత కిరణాలను ఆపే పూతను కొత్తగా వేయాలి. ఆ పూత వేయకుండా పాలిష్‌తో సరిపెడితే కొన్ని నెలలకే మునుపటికంటే త్వరగా పసుపుబారుతాయి.