తీర్థం చుక్క కూడా వద్దన్న నర్సమ్మ

పోయిన మాఘమాసంలో మా అత్తగారికి ఆయాసం ముదిరి, ఊపిరి అందక వెంటిలేటర్ మీద పెట్టారు. రెండోరోజు నేనూ, మా ఆడపడుచూ చూడ్డానికి లోపలికి వెళ్ళాం. మంచం తలవైపు ఎత్తుగా ఉంది. "అమ్మకి నడుం నొప్పి పుడుతుందేమో, కాస్త దించండి" అంది మా ఆడపడుచు. గుళ్ళోంచి తెచ్చిన తీర్థం నోట్లో ఒక్క చుక్క వెయ్యబోయింది. నర్సమ్మ రెండూ వద్దంది. ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకైతే ఒళ్ళు మండింది.

బయటికొచ్చాక ఆ అమ్మాయే ఓపిగ్గా చెప్పింది. గొట్టం వేశాక రోగి సరిగ్గా దగ్గలేరు, మింగలేరు. నోట్లో ఊరే ఉమ్మి, దాంతోపాటు క్రిములు, గొట్టం పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారతాయట. గొట్టం చివర గాలిబుడగలాంటిది ఉన్నా పూర్తిగా ఆపలేదట. వెంటిలేటర్ పెట్టిన 48 గంటలు దాటాక ఇలా వచ్చే నిమోనియా ప్రాణం మీదికి తెస్తుంది. ఒక్క చుక్క నీళ్ళైనా అదే దారి పట్టొచ్చు!

ఆస్పత్రివాళ్ళు చేసేవి

పొట్టలోది పైకి తన్నకుండా మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతారు. రోజూ పళ్ళు బ్రష్‌తో తోముతారు. ఇదివరకు క్లోర్‌హెక్సిడిన్ మందుతో నోరు శుభ్రం చేసేవారు. 2022లో అమెరికా నిపుణులు ఆ మందు వద్దనీ, బ్రష్‌తో తోమడమే మంచిదనీ సూచించారు. మత్తుమందు వీలైనంత తగ్గించి, గొట్టం తియ్యొచ్చేమో రోజూ చూస్తారు. గొట్టం ఎంత తొందరగా తీస్తే అంత మేలు.

మనం గుర్తుంచుకోవలసినవి

* రోగిని ముట్టుకునే ముందూ, తర్వాతా చేతులు శుభ్రంగా కడుక్కోండి. గాజులు, ఉంగరాలు తీసి వెళ్ళడం మంచిది.
* మనకి జలుబు, దగ్గు ఉంటే లోపలికి వెళ్ళకూడదు.
* మంచం, గొట్టాలు మనంతట మనం కదపకూడదు.
* నీళ్ళు, తీర్థం, కొబ్బరినీళ్ళు, ఏవీ నోట్లో వెయ్యకూడదు.
* "ఇవాళ పళ్ళు తోమారా? గొట్టం ఎప్పుడు తీస్తారు?" అని మర్యాదగా అడగండి. అడగడం తప్పేం కాదు.

ఆరోరోజు అత్తగారికి గొట్టం తీశారు. మింగగలరో లేదో చూసి డాక్టరుగారు సరేనన్నాక, మా ఆడపడుచు దాచి ఉంచిన తీర్థం చెంచాతో పట్టింది. పక్కన నిలబడి చూసింది ఆ నర్సమ్మే. ఆ రోజు కోప్పడినందుకు ఆమెకి క్షమాపణ చెప్పుకున్నాను.