ఇంటి ఏ.సి. శుభ్రత: ఏమి ఆశించాలి? ఏమి అందించాలి?

ప్రతి సంవత్సరం మార్చి 4వ తేదీన మన కర్మాగారాలలో జాతీయ భద్రతా దినోత్సవం జరుపుకొంటాము. 1966లో అదే తేదీన జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఉదయం గేటు వద్ద జెండా ఎగురవేస్తాము, ప్రతిజ్ఞ చేస్తాము, చొక్కాకు బ్యాడ్జి తగిలించుకొంటాము. సరిగ్గా ఆ రోజులలోనే ఎండలు ముదరడం మొదలవుతుంది, టౌన్‌షిప్‌లో ఏ.సి. మెకానిక్కుల రాకపోకలూ మొదలవుతాయి. కొన్నేళ్ళ క్రితం అటువంటి ఒక సాయంకాలం, బ్యాడ్జి ఇంకా చొక్కాపై ఉండగానే క్వార్టర్లకు తిరిగి వస్తున్న మాకు ఒక దృశ్యం కనిపించింది. మూడవ అంతస్తు సజ్జపై ఒక కుర్రవాడు నిలబడి అవుట్‌డోర్ యూనిట్‌పై నీళ్ళు కొడుతున్నాడు. నడుముకు తాడు లేదు. కాళ్ళకు హవాయి చెప్పులు. కిటికీలో నుంచి ఒక చేయి అతని చొక్కా అంచును పట్టుకొని ఉన్నది. ఆ చేయి, ఉదయం మాతో కలిసి ప్రతిజ్ఞ చేసిన వారిదే.

ఆ దృశ్యమే ఈ వ్యాసానికి మూలం. యంత్రాల నిర్వహణ విభాగంలో చాలాకాలం పనిచేసిన మేము, ఇంటి ఏ.సి.ని శుభ్రం చేయించుకొనేటప్పుడు గృహస్థు ఏమి ఆశించాలో, తిరిగి తాను ఏమి అందించాలో ఈ పుటలలో వివరించదలచాము.

అక్కడి డక్టులు, ఇక్కడి పెట్టెలు

అమెరికాలో ఉన్న పిల్లల వద్దకు వెళ్ళివచ్చిన తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. అక్కడి ఇళ్ళలో ఒకే యంత్రం నుంచి రేకు గొట్టాల ద్వారా గది గదికీ గాలి చేరుతుంది. ఆ గొట్టాలను శుభ్రపరచడం అక్కడ ఒక ప్రత్యేక వృత్తి. 1989లోనే ఆ వృత్తివారికి ఒక జాతీయ సంఘం ఏర్పడింది. పెద్ద వాక్యూమ్ యంత్రంతో గొట్టంలోని గాలిని వెలుపలికి లాగుతూ, లోపల బ్రష్షులతో దుమ్మును కదిలించి తీస్తారు. అయితే దుమ్ము ఉన్నదన్న ఒక్క కారణంతో ఏటేటా డక్టులను శుభ్రం చేయించవలసిన అవసరం లేదనీ, దానివలన రోగాలు నివారణ అవుతాయని రుజువు కాలేదనీ ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రజలకు స్పష్టంగా చెప్పింది. బూజు కంటికి కనిపించినప్పుడు, ఎలుకలో పురుగులో చేరినప్పుడు, దుమ్ముతో గొట్టం పూడిపోయినప్పుడు మాత్రం ఆ పనిని ఆలోచించమన్నది.

మన దేశంలో అటువంటి డక్టులు కార్యాలయాలలో, ఆసుపత్రులలో, అతిథి గృహాలలో కనిపిస్తాయి. మన ఇళ్ళలో ఉన్నవి ఎక్కువగా స్ప్లిట్ ఏ.సి.లు. వీటిలో గాలి నడిచే దారి చాలా చిన్నది: పైనుంచి లోపలికి వచ్చి, ఫిల్టరు దాటి, చల్లని కాయిల్ రెక్కల మధ్య నుంచి దూరి, బ్లోయర్ ద్వారా గదిలోకి వస్తుంది. దారి చిన్నదే గాని అది ఎల్లప్పుడూ తడిగా ఉంటుంది. తడి, చీకటి, దుమ్ము కలిసిన చోట బూజు పుట్టడం సహజం. కాబట్టి, పొడిగా ఉండే అమెరికా డక్టుకు వర్తించే సలహాను మన స్ప్లిట్ ఏ.సి.కి యథాతథంగా అన్వయించరాదు. దీనికి క్రమబద్ధమైన శుభ్రత అవసరమే.

మురికి చేసే నష్టం

ఒకటిన్నర టన్నుల ఏ.సి. అంటే గంటకు సుమారు 18,000 బి.టి.యు.ల వేడిని, అనగా దాదాపు 5.3 కిలోవాట్ల వేడిని గది నుంచి బయటకు మోసుకొనిపోగల యంత్రం. ఆ పని జరగాలంటే కాయిల్ మీదుగా తగినంత గాలి ప్రవహించాలి. ఫిల్టరు, కాయిల్ పూడుకొనిపోతే గాలి తగ్గుతుంది. కాయిల్ మరింత చల్లబడి, దానిపై మంచు పేరుకొంటుంది. మంచు పేరిన కొద్దీ గాలి ఇంకా తగ్గుతుంది. కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. డ్రెయిన్ పైపులో జిగురు చేరితే నీరు గోడ వెంట కారుతుంది. తీరప్రాంతపు తేమలో ఒక ఏ.సి. గంటకు లీటరు దాకా నీటిని గాలి నుంచి పిండుతుందని గుర్తుంచుకొంటే, ఆ సన్నని పైపు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

ఊరును బట్టి మురికి మారుతుంది. విశాఖపట్నంలో ఉప్పుగాలి అవుట్‌డోర్ యూనిట్ రెక్కలను తినివేస్తుంది. కొత్తగూడెం, రామగుండం వంటి చోట్ల బొగ్గు పొడి, బూడిద రెక్కల మధ్య పేరుకొంటాయి. సాధారణంగా వేసవికి ముందు ఒకసారి, వానాకాలం తరువాత మరొకసారి సర్వీసు చేయిస్తే చాలు.

మంచి సర్వీసులో కనిపించవలసినవి

ఒక స్ప్లిట్ ఏ.సి.కి పూర్తి నీటి సర్వీసు చేయడానికి గంటకు అటూ ఇటూగా సమయం పడుతుంది. పదిహేను నిమిషాలలో ముగిసినదంటే ఫిల్టరు కడిగి, పైపైన తుడిచినట్లే లెక్క.

మొదట మెకానిక్ ఏ.సి.ని కొంతసేపు నడిపించి, చల్లదనాన్ని, శబ్దాన్ని గమనించాలి. ఆ తరువాత రిమోట్‌తో ఆపడం కాదు, ఎం.సి.బి.నే దించాలి. మన ప్లాంటులో యంత్రం ముట్టుకొనేముందు విద్యుత్తు వేరుచేసే నియమం ఇంట్లో వర్తించకపోవడానికి కారణం ఏమీ లేదు. కరెంటు తీసిన తరువాత కూడా అవుట్‌డోర్ యూనిట్‌లోని కెపాసిటర్‌లో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. మూత తీసినవారు దానిని డిశ్చార్జి చేయకుండా వేలు పెట్టరాదు.

తరువాత ఎలక్ట్రానిక్ కార్డును ప్లాస్టిక్‌తో కప్పి, యూనిట్ క్రింద నీటి సంచి కట్టాలి. కాయిల్‌ను తక్కువ ఒత్తిడి గల నీటితో, రెక్కల వాలు వెంబడి కడగాలి. అడ్డంగా జోరుగా కొడితే పలుచని అల్యూమినియం రెక్కలు వంగి, గాలి దారి శాశ్వతంగా మూసుకొనిపోతుంది. ఘాటైన ఆమ్లం కాయిల్‌ను క్షణాలలో తళతళలాడిస్తుంది. దానితోపాటే లోహాన్నీ తింటుంది. ఏ రసాయనం వాడుతున్నారో అడగడం గృహస్థు హక్కు.

చాలామంది వదిలివేసే భాగం బ్లోయర్. స్తూపాకారంలో ఉండే దీని సన్నని రెక్కలపై నల్లని పొర పేరుకొంటుంది. టార్చి వేసి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. ఏ.సి. వేయగానే వచ్చే ముక్క వాసనకు చాలాసార్లు మూలం ఇదే. కాయిల్ కడిగి దీనిని వదిలివేస్తే సగం పనే జరిగినట్లు.

చివరకు డ్రెయిన్ ట్రేలో ఒక చెంబు నీరు పోసి, అది బయటి పైపు నుంచి ధారగా వస్తున్నదో లేదో చూడాలి. యంత్రాన్ని పదిహేను నిమిషాలు నడిపి, లోపలికి వెళ్ళే గాలికి, బయటకు వచ్చే గాలికి మధ్య ఉష్ణోగ్రత తేడా కొలవాలి. సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్లే. ఇందుకు ఒక చిన్న థర్మామీటరు చాలు.

"గ్యాసు అయిపోయింది సార్"

ఈ మాట వినని ఇల్లు టౌన్‌షిప్‌లో ఉండదు. మా అనుభవం చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది. వరుసగా మూడు వేసవులు మా ఇంటి ఏ.సి. సరిగా చల్లబరచలేదు, మూడుసార్లూ గ్యాసు పట్టించాము. సర్వీసు ఖర్చు వందలలో ఉంటే, గ్యాసు ఖర్చు వేలలో ఉంటుంది. నాలుగవ వేసవిలో వచ్చిన ఒక వృద్ధ మెకానిక్ గేజి తగిలించకుండానే ముందుగా బ్లోయర్ విప్పి చూపించారు. అరచేతి మందాన మట్టి, బూజు. "గ్యాసుకేమీ కాలేదు సార్, దీనికి ఊపిరి ఆడడం లేదు" అన్నారాయన. ప్లాంటులో ఉష్ణ వినిమయ యంత్రాల వద్ద గంటగంటకూ లోపలి, బయటి ఉష్ణోగ్రతలు వ్రాసే మేము, ఇంట్లో ఒక్కసారైనా థర్మామీటరు పెట్టి చూడలేదు.

ఒక సూత్రం గుర్తుంచుకొంటే చాలు. ఏ.సి.లోని గ్యాసు వంటగ్యాసు వలె ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. తగ్గినదంటే ఎక్కడో లీకు ఉన్నట్లే. లీకును కనిపెట్టి, సరిచేసి, వాక్యూమ్ పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను తీసివేసి, నేమ్‌ప్లేటుపై ఉన్న తూకం ప్రకారం గ్యాసు నింపడం సరియైన పద్ధతి. లీకు చూడకుండా పైపైన నింపిన గ్యాసు వచ్చే ఏడాదికి మిగలదు.

ఇందులో భద్రత కూడా ఇమిడి ఉన్నది. పాత యంత్రాలలోని ఆర్-22 మంటకు అంటుకోదు గాని ఓజోన్ పొరకు హాని చేస్తుంది. అందుకే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం క్రింద దానిని క్రమంగా తొలగిస్తున్నారు. కొత్త యంత్రాలలో విరివిగా వాడే ఆర్-32 కొద్దిపాటి మండే గుణం గలది. కొన్నింటిలో వాడే ఆర్-290 అంటే ప్రొపేనే, సులభంగా మండుతుంది. కాబట్టి గ్యాసు పని జరిగేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి, అగ్గిపుల్ల గీయరాదు, గొట్టంలో గ్యాసు ఉండగా వెల్డింగు చేయనివ్వరాదు.

ఆరోగ్యం విషయంలో అతిశయోక్తి వద్దు

శుభ్రమైన ఏ.సి. వలన దుర్వాసన, బూజు తగ్గుతాయి. ఉబ్బసం, అలర్జీ ఉన్న పిల్లలు గల ఇంట్లో ఇది చిన్న మేలు కాదు. కాని ఏ.సి. ఫిల్టరు ఒక వల మాత్రమే. నూలుపోగులను, పెద్ద దుమ్మును ఆపుతుందే గాని ఊపిరితిత్తులలోకి చొచ్చుకొనిపోయే 2.5 మైక్రాన్ల లోపు కణాలను ఆపలేదు. అదీగాక స్ప్లిట్ ఏ.సి. గదిలోని గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలిని తీసుకొనిరాదు. రోజుకు కొంతసేపైనా తలుపులు, కిటికీలు తెరవవలసిందే. "క్రిములను చంపే స్ప్రే" అంటూ అదనపు సొమ్ము అడిగితే, ఆ మందును చివరకు పీల్చేది మన పిల్లలేనని గుర్తుంచుకొని నిర్ణయించుకోవాలి.

ఇంటివారు స్వయంగా చేయగల పని ఒకటున్నది. రెండు వారాలకొకసారి ఫిల్టరు తీసి, కుళాయి క్రింద కడిగి, నీడలో ఆరబెట్టి తిరిగి పెట్టడం. బడికి వెళ్ళే పిల్లలకు దీనిని నేర్పవచ్చు.

సజ్జ మీది మనిషి

మళ్ళీ ఆ సాయంకాలానికి వద్దాము. కుర్రవాడు క్రిందికి దిగిన తరువాత మేము అతనితో మాట్లాడాము. బెల్టు ఎందుకు కట్టుకోలేదని గట్టిగానే అడిగాము. "కట్టుకోవడానికి అక్కడ ఏముంది సార్?" అని అతడు మామూలుగా అన్నాడు. మేము తలెత్తి చూశాము. సున్నం రాలుతున్న సజ్జ, తుప్పు పట్టిన బ్రాకెట్టు, ప్రక్కన నీళ్ళ పైపు. బెల్టు ఉన్నా దాని కొక్కెం తగిలించడానికి నిజంగానే ఏమీ లేదు. "రోజుకు ఆరు ఇళ్ళు సార్. ఇల్లు లెక్కనే డబ్బులు" అని కూడా చెప్పాడు. అతనికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. ఆ యూనిట్‌ను అక్కడ పెట్టించినది అతడు కాదు. బాల్కనీలో చోటు పాడవుతుందని సజ్జపై పెట్టించినవారము మనము.

ప్లాంటులో ఎత్తులో పని అంటే పర్మిటు కావాలి, ఫుల్ బాడీ హార్నెస్ కావాలి, క్రింద ఒక మనిషి కావాలి. ఏది లేకపోయినా పని ఆపించే అధికారం మనకున్నది, ఆపిస్తాము కూడా. ఇంట్లో మాత్రం టీ ఇచ్చి, "జాగ్రత్త బాబూ" అని ఊరుకొంటాము.

మా బ్లాకులోని కుటుంబాలు ఆ వారంలోనే సమావేశమయ్యాయి. సజ్జలపై ఉన్న యూనిట్లలో వీలైన వాటిని బాల్కనీలలోకి మార్పించుకొన్నాము. మార్చలేని వాటికి డాబాపై నుంచి తాడు వేయడానికి సిమెంటు దూలానికి గట్టి ఉక్కు రింగులు పెట్టించి, బరువు వ్రేలాడదీసి పరీక్షించాము. అందరమూ కలిసి ఐ.ఎస్. 3521 ముద్ర గల హార్నెస్ ఒకటి, తాడు ఒకటి కొని, క్రింది అంతస్తులో ఒకరింట ఉంచాము. ఇంటికి పంచుకొంటే అయిన ఖర్చు, మేము అనవసరంగా పట్టించిన గ్యాసు ఖర్చులో సగం కూడా కాలేదు. బెల్టు వలన ఆలస్యమయ్యే సమయానికి మెకానిక్కుకు ఇంటికి కొంత అదనంగా ఇవ్వాలని కూడా అనుకొన్నాము, అదీ ఇస్తున్నాము.

అన్ని బ్లాకులలోను ఇలా జరగడం లేదు. ఈ వేసవిలో కూడా ఎక్కడో ఒక సజ్జపై ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. కాబట్టి పాఠకులను మేము కోరేది ఇంతే: ఈసారి ఏ.సి. మెకానిక్కును పిలవడానికి ముందు ఒకసారి కిటికీ తెరిచి, ఆయన నిలబడవలసిన చోటును చూడండి. అక్కడ మన అబ్బాయిని నిలబెట్టగలమా అని ఆలోచించండి. నిలబెట్టలేమనిపిస్తే, శుభ్రత ఒక వారం ఆలస్యమైనా ఫరవాలేదు; ముందు ఆ చోటును సరిచేయించండి.