క్యాంపింగ్ స్టవ్ టెంట్‌లో వెలిగించొచ్చా? అలారం కొనే ముందు ఇది చదవండి

గండికోటలో పెన్నా లోయ అంచున టెంట్ వేశారనుకోండి. గాలి జోరుగా ఉంటే బ్యూటేన్ స్టవ్ మంట నిలవదు. "లోపల పెట్టి నూడుల్స్ చేసేద్దాం రా" అని ఎవరో ఒకరు అంటారు. నేనైతే వద్దంటాను.

మూసిన టెంట్‌లో ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ పూర్తిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టేసుకుంటుంది. తలనొప్పి, మత్తు వస్తే ప్రయాణం అలసట అనుకుంటాం. నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

చాలామంది ఇక్కడే పొరబడతారు: గ్యాస్ లీక్ డిటెక్టర్ వేరు, సీఓ అలారం వేరు. మొదటిది మండని గ్యాస్‌ను పసిగడుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. నేను బాక్స్ మీద ఈఎన్ 50291 ఉందా అని చూస్తాను. ఆ స్టాండర్డ్ ప్రకారం 300 పీపీఎం దగ్గర 3 నిమిషాల్లోపు మోగాలి. అయినా అలారం ఉంది కదా అని టెంట్‌లో వెలిగించకండి.

రూమ్‌లో తప్పదంటే తలుపు, కిటికీ రెండూ తెరవండి. క్యాసెట్ స్టవ్ అయితే కార్ట్రిడ్జ్ మీదికి వచ్చేంత పెద్ద పెనం పెట్టకండి, వేడెక్కితే పేలుతుంది. కార్ట్రిడ్జ్‌ను ఆరుబయటే మార్చండి. వంటయ్యాక స్టవ్‌ను హీటర్‌లా అస్సలు వాడొద్దు.